వారాల భోజనం నుంచి గురుకులం దాకా

ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడుపుకుంటూ పిల్లలను పెంచుకున్న ఒక వితంతువు ఉండేది. పెద్దకొడుకు పరీక్షకు కట్టవలసిన ఫీజు మూడు రూపాయలు. కుర్రవాడు బంధువుల ఇళ్ళకు కాళ్ళరిగేలా తిరిగినా ఆ మూడు రూపాయలు పుట్టలేదు. చివరకు ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి డబ్బు తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి పేరు సుబ్బమ్మ. ఆ కుర్రవాడు టంగుటూరి ప్రకాశం. 1872లో పుట్టిన ఆయన రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడై, బారిస్టరై, స్వాతంత్ర్య సమరంలో సర్వస్వం ఒడ్డి, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

ఈ కథ మనలో చాలామందికి తెలిసిందే. కాని చెప్పేటప్పుడు సాధారణంగా పట్టుచీర దగ్గర ఆపేస్తాం. అసలు మలుపు ఆ తరువాత ఉంది. ఒంగోలు మిషన్ స్కూలులో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఉండేవారు. ఈ కుర్రవాడిలో పస ఉన్నదని ఆయన గ్రహించారు. తాను రాజమండ్రికి మారుతూ ప్రకాశాన్ని తన వెంట తీసుకుపోయి, ఇంట్లో పెట్టుకుని, చదువు చెప్పించారు. తల్లి చీర ఒక పరీక్షను దాటించింది. మాస్టారి ఆదరణ ఒక జీవితాన్ని దాటించింది. ప్రకాశంగారు తన ఆత్మకథ ‘నా జీవితయాత్ర’లో ఈ ఉపకారాన్ని కృతజ్ఞతతో తలచుకున్నారు.

పేదపిల్లవాడు చదువులో గట్టెక్కాలంటే మూడు కావాలి. కడుపుకు ఇంత అన్నం, తల దాచుకోను ఇంత నీడ, తెలియనిది అడిగితే విసుక్కోకుండా చెప్పే ఒక మనిషి. మన తెలుగుదేశంలో నూటయాభై ఏళ్ళుగా ఈ మూడింటినీ సమకూర్చడానికి ఎవరెవరు ఏమేమి చేశారో, ఎక్కడ కొరత మిగిలిందో ఈ సంచిక పాఠకులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వారాలు

రైలు వచ్చి, ఇంగ్లీషు చదువు పట్నాలకు వచ్చిన తొలి రోజులలో పల్లెటూరి కుర్రవాడికి హాస్టలు లేదు, స్కాలర్‌షిప్పు లేదు. ఉన్నది వారాలు చెప్పుకోవడం ఒక్కటే. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఇలా ఏడు ఇళ్ళు కుదుర్చుకుని, రాత్రిపూట ఏ సత్రం అరుగు మీదో, గుడి మండపంలోనో పడుకుని, వీధిదీపం కింద చదువుకున్నవారు ఆ తరంలో వందలకొద్దీ ఉన్నారు. ఒక ఇంటి వారం తప్పిపోతే ఆ రోజుకు మంచినీళ్ళే గతి. అయినా ముక్కూ మొహం తెలియని పిల్లవాడికి వారానికి ఒకసారి విస్తరి వేసిన ఆ గృహిణులను ఏ చరిత్ర గ్రంథమూ పేర్కొనలేదు. మన చదువుల చరిత్రలో వారి చేయి పెద్దది.

అయితే ఈ ఏర్పాటుకు ఒక గోడ ఉన్నదని కూడా దాచకుండా చెప్పుకోవాలి. వారాలు దొరికేవి ఎక్కువగా బ్రాహ్మణ విద్యార్థులకే. తక్కిన కులాలవారికి అరుదు. మాల మాదిగ పల్లెల పిల్లవాడికి ఆ వీధిలో అడుగు పెట్టే హక్కే లేదు. వాడికి అన్నం సంగతి తరువాత, బడి గుమ్మమే మూసి ఉండేది. కనుక తరువాత జరిగిన ప్రయత్నాలన్నీ ఈ గోడను ఎంతమేరకు పడగొట్టగలిగాయి అన్న ప్రశ్నతోనే తూచవలసి ఉంటుంది.

కాకినాడ, హైదరాబాదు

ఆ గోడకు మొదటి గట్టి దెబ్బ కాకినాడలో తగిలింది. 1862లో జన్మించిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1904లో పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. చిన్నవయసులోనే భార్యను పోగొట్టుకుని మళ్ళీ పెళ్ళి చేసుకోని ఆయన తన జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల ఫీజులకు, భోజనాలకు వెచ్చించేవారు. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలను కళాశాలలో చేర్చుకున్నారు. మగపిల్లల సరసన ఆడపిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పించారు. ఆ రోజులలో ఇది ఎంత సాహసమో ఊహించుకోవలసిందే. ఆయన శిష్యుడైన పిఠాపురం మహారాజా రావు వెంకటకుమార మహీపతి సూర్యారావుగారు కాకినాడలో అనాథ శరణాలయాన్నీ, హరిజన విద్యార్థులకు వసతినీ ఏర్పరచారు. నాయుడుగారు 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. అంత పదవిలో ఉన్నా కాకినాడలోని ఆయన శిష్యులు తలచుకున్నది మాత్రం పదవిని కాదు, కష్టమొస్తే తట్టదగిన తలుపు అది అన్న ధైర్యాన్ని.

నిజాం రాష్ట్రంలో కథ మరొక తీరుగా నడిచింది. అక్కడ గోడకు అవతలివైపు మనిషే గునపం పట్టాడు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, తరువాత భాగ్యరెడ్డివర్మగా ప్రసిద్ధి పొందినవారు, 1906లో జగన్మిత్రమండలిని నెలకొల్పి హరికథల ద్వారా తన జనంలో చైతన్యం తెచ్చారు. 1910లో హైదరాబాదు ఈసామియా బజారులో ఆదిహిందువుల పిల్లల కోసం పాఠశాల తెరిచారు. క్రమంగా అటువంటి బడులు ఇరవైకి పైగా వెలిశాయి. వాటిలో బోధన తెలుగులో జరిగేది. పైచదువు ఉర్దూలో, ఇంటి మాట తెలుగులో ఉన్న ఆ నగరంలో, తరతరాలుగా అక్షరం ముట్టని ఇంటి పిల్లవాడికి తన మాటలోనే మొదటి పాఠం చెప్పాలన్న ఆలోచన ఎంత సూక్ష్మమైనదో నేటి విద్యావేత్తలు కూడా ఒప్పుకుంటారు. కొంతకాలానికి ఆ బడులను ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకున్నది. వర్మగారు 1939లో కన్నుమూశారు. నాయుడుగారు పోయినదీ ఆ సంవత్సరమే.

పల్లెల నుంచి హైదరాబాదుకు చదువుకు వచ్చిన తెలుగు పిల్లలకు నీడ ప్రశ్న కూడా తీవ్రంగా ఉండేది. 1918లో కొత్వాలు రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును స్థాపించడానికి ముందు నిలిచారు. సురవరం ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణ బాధ్యత వహించారు. ఆ తరువాత ఒక్కొక్క కులంవారు తమ తమ పిల్లల కోసం హాస్టళ్ళు కట్టుకున్నారు. కులం పేరుతో కట్టినా వాటి వల్ల వేలమంది చదువుకున్న మాట వాస్తవం. ఎవరి వెనుక దాతలు లేరో ఆ కులాలకు హాస్టలు కూడా లేకుండా పోయిన మాటా వాస్తవమే.

పలకతో పాటు పళ్ళెం

మధ్యాహ్న భోజనం అనగానే మనకు తమిళనాట కామరాజు నాడారుగారు గుర్తుకు వస్తారు. న్యాయమే. కాని అంతకుముందే, 1920లో, మద్రాసు నగరపాలక సంఘానికి అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారు వేయిదీపాల పేటలోని నగరపాలక పాఠశాలలో పిల్లలకు పగటి ఫలహారం పెట్టే పథకాన్ని ఆరంభించారు. తలకు రోజుకు ఒక అణా మించకూడదని నియమం. చెట్టిగారి ఇంటి భాష తెలుగు. నేటి త్యాగరాయనగరం ఆయన పేరిట వెలసినదే. ఆకలి వల్లనే పేదపిల్లలు బడికి రావడం లేదని ఆయన గుర్తించారు. ఫలహారం పెట్టగానే హాజరు పెరిగింది. ప్రాథమిక విద్యకు కేటాయించిన నిధిని తిండికి ఖర్చు పెట్టరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో ఆ పథకం ఆగిపోయింది.

ఆ అభ్యంతరంలోని పొరపాటును దేశం గ్రహించడానికి చాలా కాలం పట్టింది. బడులలో వండిన భోజనం పెట్టితీరాలని సుప్రీంకోర్టు ఉత్తరువు ఇచ్చింది 2001 నవంబరులో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది అమలులోకి వచ్చింది 2003లో. అణా ఫలహారానికీ దానికీ మధ్య ఎనభై ఏళ్ళు గడిచిపోయాయి.

దుర్గాబాయిగారి తరగతి

ట్యూషను అన్న మాట ఇవాళ డబ్బున్నవారి మాట అయింది. దానిని లేనివారి ఆయుధంగా మలచిన మహనీయురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళయి, పెద్దయ్యాక ఆ పెళ్ళి నుంచి తప్పుకుని, ఉద్యమంలో జైలుకు వెళ్ళి, బయటికి వచ్చిన తరువాత స్వయంకృషితో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుని నెగ్గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదని అన్నారు. అయితే హాస్టలు మేమే పెట్టుకుంటామని పత్రికలలో ప్రకటన ఇచ్చి, తనలాంటి విద్యార్థినులను కూడగట్టి సాధించారు. ఆ తరువాత న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యారు.

ఇంతకన్నా గొప్ప సంగతి, తాను ఎక్కిన నిచ్చెనను ఆమె వెనుకవారి కోసం దించి ఉంచడం. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, బడి మధ్యలో మానిన ఆడవారిని, వితంతువులను, భర్త వదిలేసినవారిని కూర్చోబెట్టి అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు. పదేళ్ళ చదువును రెండేళ్ళలో కుదించి చెప్పవచ్చునని, వయసు మీరినవారికి పట్టుదల ఎక్కువగా ఉంటుందని అనుభవంతో తెలుసుకున్నారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలు అయినప్పుడు ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేశారు. 1958లో మొదలైన ఆ సంక్షిప్త విద్యా శిక్షణ తరగతులలో చదివి ఎందరో స్త్రీలు నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా తమ కాళ్ళ మీద నిలబడ్డారు.

అరవైమందికి ఒక దీపం

స్వాతంత్ర్యం తరువాత ఈ భారమంతా ప్రభుత్వం నెత్తికెత్తుకున్నది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ తరువాతి స్కాలర్‌షిప్పులు 1944లోనే మొదలయ్యాయి. జిల్లా జిల్లాకూ సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు వచ్చాయి. కర్నూలు జిల్లా పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్యగారు 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినప్పుడు, హాస్టలు పిల్లలకు అది తమ ఇంటి పండుగలా ఉండేదని మా పెద్దలు చెప్పేవారు.

ఈ వ్యాసకర్త అటువంటి ఒక హాస్టలులోనే చదువుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి. అన్నం పెట్టారు, దుప్పటి ఇచ్చారు, పుస్తకాలు ఆలస్యంగానైనా ఇచ్చారు. అందుకు ఈ జన్మంతా ఋణపడి ఉంటాను. కాని అరవైమందికి ఒక్కటే కరెంటు దీపం. రాత్రి లెక్క తెలియకపోతే అడగడానికి పెద్దదిక్కు లేదు. మా బడిలో ఒక మాస్టారు, ఆయన పేరు ఇక్కడ అక్కరలేదు, నేను బీజగణితంలో సందేహం అడిగితే “నీకెందుకురా ఇవన్నీ, పాసు మార్కులు తెచ్చుకో చాలు” అన్నారు. తక్కినవారి ముందు అన్నారు. ఆ మాటతో నేను అడగడం మానేశాను. మూడు నెలల పరీక్షలో లెక్కలు తప్పాను.

హాస్టలు పక్క వీధిలో రిటైరైన పోస్టుమాస్టరుగారు ఒకరు ఉండేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని దినపత్రిక చదివేవారు. ఒకనాడు నన్ను పిలిచి, “ఏం అబ్బాయీ, రోజూ ఈ దారినే తల వంచుకుని పోతావు, ఏమిటి సంగతి?” అని అడిగారు. చెప్పాను. మర్నాటి నుంచి రోజూ ఒక గంట ఆ అరుగు మీద లెక్కలు, ఇంగ్లీషు చెప్పారు. పైసా పుచ్చుకోలేదు. ఆరు నెలలు గడిచేసరికి నాతో పాటు మరి నలుగురు చేరారు. ఆ అయిదుగురమూ పదో తరగతి దాటాం. అదే హాస్టలులో అదే అన్నం తిన్న మా స్నేహితులు సగంమంది దాటలేదు. వారు మాకన్నా తెలివితక్కువవారు కారు. వారికి అరుగు దొరకలేదు, అంతే తేడా.

గురుకులాలు

ఈ లోపాన్ని తీర్చాలన్న ఆలోచనతో వచ్చినవే గురుకుల పాఠశాలలు. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో అటువంటివే వెలిశాయి. ఏర్పాటు తేలికగానే కనిపిస్తుంది. బడీ, హాస్టలూ ఒకే ఆవరణలో ఉంటాయి, ఉపాధ్యాయులూ అక్కడే కాపురం ఉంటారు. పొద్దున వ్యాయామం, పగలు పాఠం, రాత్రి పర్యవేక్షణలో చదువు. అనగా, రాత్రి ఎనిమిది గంటలకు సందేహం వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. పల్లెటూరి పిల్లలను పరీక్ష పెట్టి ఎంచుకున్న ఆ బడులు కొన్నేళ్ళకే పదో తరగతి ఫలితాలలో పట్నపు కాన్వెంట్లను వెనక్కు నెట్టాయి. పి.వి.గారు 1985లో కేంద్రంలో విద్యాశాఖను కూడా ఇమిడ్చుకున్న మానవ వనరుల శాఖను చేపట్టారు. ఆ తరుణంలోనే జిల్లాకొక నవోదయ విద్యాలయం పథకం రూపు దాల్చింది. సర్వేలు విత్తనం దేశమంతటా మొలకెత్తిందన్నమాట.

1980లలో ఎన్.టి. రామారావుగారి హయాంలో దళిత విద్యార్థుల కోసం ప్రత్యేకంగా సాంఘిక సంక్షేమ గురుకులాలు మొదలయ్యాయి. వాటి ఫలితం ప్రపంచం కళ్ళబడింది 2014 మే 25న. నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఇద్దరూ ఆ గురుకులాల పిల్లలే. కూలిపనికి పోయే తల్లిదండ్రుల బిడ్డకు ఎవరో “నీవు ఎక్కగలవు” అని చెప్పి, శిక్షణ ఇప్పించి, వెంట నిలబడ్డారు. నాకు చిన్ననాడు తగిలిన మాటకు ఇది సరిగ్గా ఎదురుమాట.

గురుకులంలో సీటు అందరికీ దొరకదు. అసలు బడి ముఖమే ఎరుగక పశువులు కాచే పిల్లల మాటేమిటి? ఆచార్య శాంతా సిన్హాగారు, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా, 1991 ప్రాంతంలో రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఈ ప్రశ్నను చేపట్టారు. పనిలో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, కొద్ది నెలలు దగ్గర ఉంచుకుని చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలోనే మామూలు బడిలో చేర్పించేవారు. పన్నెండేళ్ళవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడని వారికి తెలుసు. ఈ కృషికి 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం లభించింది. బొంబాయి, వడోదర నగరాలలో ప్రథమ్ సంస్థ మరొక మార్గం తొక్కింది. వెనుకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, ఆ పేటల అమ్మాయిలతోనే చదువు చెప్పించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలు దానిని పరిశీలించి, అందరికన్నా వెనుకబడినవారే అందరికన్నా ఎక్కువ లాభపడ్డారని తేల్చారు. ఈ ఇద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. మా పోస్టుమాస్టరుగారికి ఆ సంగతి ఏ పరిశోధనా లేకుండానే తెలుసు.

మనం చేయవలసినది

1965లో ఈ దేశపు వలస చట్టం మారిన తరువాత ఇక్కడికి వచ్చిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది ప్రభుత్వ కళాశాలలలో నామమాత్రపు ఫీజులతో చదివినవారే. మన చదువు ఖరీదులో అధికభాగం మన తల్లిదండ్రులు కట్టలేదు. బీడీ చుట్టేవారు, నాట్లు వేసేవారు కట్టిన పన్నులలో నుంచి వచ్చింది. ఆ బాకీ మన ఖాతాలో ఉన్నది.

మన సంఘాలు ఏటా స్కాలర్‌షిప్పులు పంపుతున్నాయి. సంతోషం. పుట్టిన ఊళ్ళో బడికి గదులు కట్టించి, పేరు చెక్కించిన రాయి పాతించినవారూ ఉన్నారు. అదీ మంచిదే. కాని పైన చెప్పిన చరిత్ర అంతా ఒక్క సంగతే బోధిస్తున్నది. అన్నమూ గదీ ఉండి మనిషి లేకపోతే పిల్లవాడు సగంలో ఆగిపోతాడు. కనుక ఊరికి పంపే పది రూపాయలలో రెండు రూపాయలు సాయంకాలపు మాస్టారి జీతానికి కేటాయించండి. ఆ ఊరిలోనే ఇంటరో డిగ్రీయో చదివి ఉన్న అమ్మాయి దొరికితే మరీ మేలు. ఆమెకు ఉపాధి, పిల్లలకు అండ. మరొక సంగతి. ఫోనులో ముఖం చూస్తూ మాట్లాడుకునే కాలం ఇది. ఇక్కడ శనివారం ఉదయం అంటే అక్కడ శనివారం సాయంకాలం. మీకు వచ్చిన లెక్కలు, మీ పిల్లలకు వచ్చిన ఇంగ్లీషు, వారానికి ఒక గంట, హాస్టలులోని నలుగురు పిల్లలకు చెప్పవచ్చును. పెట్టిన గంటను మధ్యలో మానకుండా ఏడాది పాటు నిలపడమే కష్టం. వారాలు పెట్టిన తల్లులు ఆ వారాన్ని తప్పనిచ్చేవారు కాదు. ఆ నియమం మనకూ ఉండాలి.

మా పోస్టుమాస్టరుగారికి నా మొదటి జీతంలో నుంచి ధోవతుల చాపు ఒకటి కొని తీసుకువెళ్ళాను. అప్పటికి ఆయనకు చూపు ఆనడం లేదు. గొంతు గుర్తుపట్టి, బట్టలు చేత్తో తడిమి చూసి పక్కన పెట్టారు. “ఇవి సరే గాని, నీవు ఎవరికి చెబుతున్నావురా?” అని అడిగారు. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత సంపాదించుకున్నాను. ఈ సభకు విచ్చేసిన సోదర సోదరీమణులందరినీ వినయపూర్వకంగా అదే ప్రశ్న అడుగుతూ సెలవు తీసుకుంటున్నాను.